పెట్టెలో పట్టని పేరు

జగిత్యాల,
జూలై 8.

ఫోన్ ఎత్తని వదినకు,

పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్ వెనకున్న పెద్దాయన "ఉద్యోగానికా బిడ్డా?" అన్నాడు. "కాదు, మా వదినకు" అంటే తలెత్తి చూసి నవ్వాడు. ఈ రోజుల్లో వదినకు ఉత్తరం రాసే ఆడబిడ్డను ఆయన చూసి ఉండడు. ఏం చెయ్యను మరి? నా నంబరు నువ్వు బ్లాక్ చేశావు. అన్న ఫోన్ చేస్తే గొంతు వినగానే పెట్టేశావట. మీ అమ్మ సాయమ్మత్తకు చేస్తే "బిడ్డ తానం చేస్తున్నది" అంటుంది. పొద్దున చేసినా తానమే, సాయంత్రం చేసినా తానమే. కోరుట్లలో నీళ్లకు కరువు లేదన్నమాట, సంతోషం.

వదినా, కోపం పక్కన పెట్టి ఒకసారి నా వైపు నుంచి చూడు. సిరిసిల్ల కుట్టు సెంటర్‌లో హాజరు పెట్టె పెట్టింది మా ఆఫీసు. దాని లోపల నడిచే ప్రోగ్రాం రాసింది నేను. ఆరు నెలలు సరిగా వచ్చి నేర్చుకున్న వాళ్లకే సొంత మిషను, పర్మనెంట్ పని అని సెంటర్ వాళ్లు మొదటే చెప్పారు. ఆరు నెలలు నిండాక కాగితం తీస్తే నీ పేరుకు ఎదురుగా అంతా ఖాళీ. ఒక్క రోజు కూడా పడలేదు. సెంటర్ నడిపే మేడం నన్ను అడిగింది. నేను ఇక్కడ కూర్చుని మొత్తం చూశాను. మిగతా నలభై మందికి లెక్క సరిగ్గా ఉంది. నలభై మందికి సరిగ్గా చూపించే పెట్టె నీ ఒక్కదాని మీద పగపట్టదు కదా? అందుకే నువ్వు ఫోన్ చేసి అడిగినప్పుడు "పెట్టె అబద్ధం చెప్పదు వదినా" అన్నాను. ఆ మాటకు ఫోన్ పెట్టేసి, తెల్లారి బట్టలు సర్దుకుని పుట్టింటికి బస్సెక్కావు.

నిజంగా కొన్ని రోజులు వెళ్లకపోతే నాకు చెప్పు. ఒంట్లో బాగాలేక పడుకున్నావో, ఇంకెక్కడైనా పని చూసుకున్నావో, నేనేమీ అనుకోను. అన్నకు నేను నచ్చజెబుతాను. నువ్వు లేక ఇంట్లో అన్నం కూడా సరిగా ఉడకడం లేదట. అన్న రెండు పూటలూ ఉప్మా చేసుకుంటున్నాడు, అదీ మాడ్చి.

నీ జవాబు కోసం చూస్తాను.

నీ ఆడబిడ్డ,
నీల


కోరుట్ల,
జూలై 14.

నచ్చజెప్పడానికి బయలుదేరిన ఆడబిడ్డకు,

నీ ఉత్తరం చదివితే కోపం వచ్చింది, ఉప్మా దగ్గర నవ్వు వచ్చింది, మళ్లీ కోపం వచ్చింది. ఫోన్‌లో నీతో మాట్లాడను నీలా. ఫోన్‌లో నువ్వు మాటకు అడ్డం వస్తావు. నేను సగం చెప్పేలోపే నీకు మొత్తం అర్థమైపోతుంది. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు. కాబట్టి రాస్తున్నాను, చదువు.

నేను ఎక్కడికీ పోలేదు. కొండగట్టు గుడికి పోయిన ఒక్క రోజు తప్ప, రోజూ సెంటర్‌కే పోయాను. నా సీటు కిటికీ పక్కన. స్కూలు యూనిఫాంలకు కాలర్లు కుట్టేది నేను. ఈ ఏడు సిరిసిల్లలో బడికి పోతున్న పిల్లల మెడల చుట్టూ ఉన్న కాలర్లు కొన్ని నావే. నా కాలర్లు బడికి పోతున్నాయి, నేను మాత్రం పనికి పోలేదట. నేర్చుకునే కాలం కనుక మాకు కూలీ లేదు, సంతకం లేదు. ఉన్న సాక్ష్యమంతా మీ పెట్టె ఒక్కటే.

మేడం అందరి ముందు పేర్లు చదివింది. నా పేరు దగ్గర ఆగి "హాజరు లేదు" అంది. నేను లేచి నిలబడ్డాను. "నేను రోజు అచ్చిన మేడం. గా కిటికి పక్కకే కూసుంట గద" అన్నాను. ఆమె "నేను ఆఫీసుల ఉంటనమ్మా, నాకెట్ల తెలుస్తది? పెట్టె ఏం చెప్తే గదే" అంది. నా వరసలో ఉన్నవాళ్ల వైపు చూశాను. తలలు వంచుకుని మిషన్లు తొక్కుతున్నారు. సీట్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఒక పేరు పోతే ఇంకో పేరు లోపలికి వస్తుంది. వాళ్లను నేనేమీ అనను అని రాయబోయాను, కానీ అంటాను. ఒక్కరైనా నోరు తెరవాల్సింది.

ఇంటికి వచ్చేసరికి మాట నాకంటే ముందే చేరింది. మీ అన్న సాంచాల షెడ్డులో మరమగ్గం ఆపి వచ్చి, చేతుల నూనె కూడా కడగకుండా నా ముందు నిలబడ్డాడు. "రోజు సెంటర్‌కు పోతున్న అన్నవ్. ఆర్నెల్లు ఎటు పోయినవ్?" అన్నాడు. నాలుగేళ్ల సంసారంలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఎటు పోయినవ్ అంటే ఏం చెప్పాలి? పోయిన చోటు చెప్పాను, నమ్మలేదు. చెప్పడానికి నా దగ్గర ఇంకో చోటు లేదు. అప్పుడు నీకు ఫోన్ చేశాను. నువ్వన్నా నా మాట వింటావనుకున్నాను.

మీ పెట్టెకు అంత సత్యం తెలుసా? కార్డు పెట్టగానే పచ్చలైటు వెలిగేది, కుయ్‌మనేది, పేరు పడేది. అదీ సగమే. 'ఆడెపు అన' అని పడి, పక్కన ఒక చిన్న ఖాళీ డబ్బా కనబడేది. "నీ పేరు పూర్తిగ చెప్పనీకి సిగ్గుపడుతున్నట్టుందే" అని పక్క సీటు వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

మీ అన్నకు నచ్చజెప్పకు. నేను తప్పు చేస్తే కదా నచ్చజెప్పడం.

అనురాధ


జగిత్యాల,
జూలై 19.

వదినా,

నువ్వు రోజూ వెళ్లావు. ఈ మాట ముందు రాస్తున్నాను, కారణం తర్వాత.

నీ ఉత్తరంలో 'ఆడెపు అన' అన్న చోట చదవడం ఆపేశాను. అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా ప్రోగ్రాం ముందు కూర్చున్నాను. తప్పు దొరికింది. తప్పు నాది.

నీకు అర్థమయ్యేలా చెప్పాలని చూస్తాను. అర్థం కాకపోతే అదీ నా తప్పే. నేను రాసేది సి అనే భాషలో. తక్కువ జాగా ఉన్న చిన్న యంత్రాలకు అందులోనే రాస్తారు. అందులో పేరంటే వరసగా కట్టిన గదులు, గదికొక ముక్క. పేరు ఎంత పొడుగో యంత్రానికి తెలియదు. ముగిసిందని చెప్పడానికి ఆఖరి గదిలో సున్నా పెట్టాలి. సున్నా లేకపోతే అది ఆగదు, పక్క పేరు గదుల్లోకి పోయి అక్కడున్నది కూడా చదివేస్తుంది. చదువులో మాకు మొదట నూరిపోసే భయం అదే. పేరు గీత దాటి పక్కవాళ్ల మీద పడకూడదని. అందుకే నేను ఒక్కో పేరుకు ఇరవై నాలుగు గదులిచ్చి, అంతకు మించింది కోసెయ్యమని రాసి, ఆఖరి గదిలో నా చేత్తో సున్నా పెట్టాను. ఎంత జాగ్రత్తగా రాశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పరీక్ష చేసింది ఇంగ్లీషు అక్షరాలతో. ఇంగ్లీషు అక్షరానికి ఒక గది చాలు. నీ పేరంతా పట్టి ఇంకా బోలెడు గదులు మిగిలాయి. తర్వాత సెంటర్ వాళ్లు పేర్లు తెలుగులో కావాలన్నారు. నేను పేర్లు మార్చాను, గదులు మార్చలేదు. తెలుగు అక్షరానికి మూడు గదులు కావాలి. కొమ్మో దీర్ఘమో తగిలితే ఇంకో మూడు. మన ఇంటిపేరు ఒక్కటే పదిహేను గదులు మింగింది. మధ్యలో ఖాళీకి ఒకటి, చివర సున్నాకు ఒకటి పోతే నీకు మిగిలినవి ఏడు. వాటిలో 'అ' పట్టింది, 'న' పట్టింది, 'ను' కొమ్ములో మూడో వంతు పట్టింది. కొమ్ములో మూడో వంతు ఏ అక్షరమూ కాదు కనుక నీకు ఖాళీ డబ్బా కనబడింది.

ఇంకా ఉంది. మీ సెంటర్‌లో మన ఇంటిపేరే ఉన్న పాలివాళ్ల రమేశన్న భార్య అనసూయ కూడా ఉంది కదా. ఆమె పేరూ కోస్తే 'ఆడెపు అన'. లెక్క తీసేటప్పుడు నా ప్రోగ్రాం పేరును పేరుతో పోల్చి, మొదట కలిసిన చోట ఆగిపోతుంది. ఆమె పేరు నీకంటే ముందు ఎక్కించారు. నువ్వు కార్డు పెట్టిన ప్రతి రోజూ హాజరు ఆమెకు పడింది.

పరాయి ఊరివాళ్లు చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. మన దగ్గర ఇంటిపేరు చెప్పకుండా ఎవరూ పేరు చెప్పరు. మన గల్లీలో ఆడెపోళ్లు ఎన్ని గడపలున్నారో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ గల్లీలో పెరిగిన నేను, ఇంటిపేరుకే అయిపోయేన్ని గదులిచ్చాను.

ఈ సంగతి మా ఓనర్ ప్రేమ్‌సాగర్ సార్‌కు చెప్పాను. మంచివాడే కానీ భయపడ్డాడు. "సప్పుడు చెయ్యకుంట గదులు పెంచి కొత్త ప్రోగ్రాం ఎక్కియ్యి. అచ్చే నెల సంది అన్ని సక్కగ అస్తయ్. తప్పు మనదని తెలిస్తే మిగిలిన సెంటర్లు కూడ పెట్టెలు వాపస్ పంపుతయ్, దుకాణం బంద్ చేసుకోవాలె" అన్నాడు. నా ఉద్యోగం సంగతి కూడా అందులోనే ఉంది. కొంచెం ఓపిక పట్టు వదినా, ఏదో దారి చూస్తాను.

నీల


కోరుట్ల,
జూలై 24.

నీలా,

గదుల సంగతి అర్థమైంది. రెండుసార్లు చదివాను. బాగానే చెప్పావు, నువ్వు టీచర్‌వు కావాల్సింది.

అర్థం కానిది వేరే ఉంది. వచ్చే నెల నుంచి నేను సెంటర్‌కు వచ్చినట్టు పడుతుంది. మరి అయిపోయిన ఆరు నెలలు నేనెక్కడ ఉన్నట్టు? గల్లీలో అందరికీ నేను ఎటో పోయినదాన్నే. మీ సార్ సప్పుడు చెయ్యకుండా పెట్టెను బాగుచేస్తాడు. నా పేరు పోయినప్పుడు సప్పుడు బాగానే అయింది కదా, మైకు ఒక్కటే తక్కువ.

మీ అన్నకు చెప్పావా? చెప్పలేదు. చెప్తే ఆయన సెంటర్‌కు పోయి అరుస్తాడు, సంగతి బయటపడుతుంది. నాకెందుకు చెప్పావంటే నేను కోరుట్లలో ఒక మూల కూర్చున్నాను, నేను చెప్పినా ఎవరూ నమ్మరు. నువ్వు అట్లా అనుకుని చేశావని అనను. కానీ అయింది అదే.

ఇక్కడ అమ్మ చుట్టూ బీడీలు చుట్టే ఆడవాళ్లు రోజూ కూర్చుంటారు. ఆకు కత్తిరిస్తూ ఒకరు అడుగుతారు, "అల్లుడు ఇంక రాలేదా సాయమ్మా?" అమ్మ "సాంచాల మీద పని బాగున్నదట" అంటుంది. నా కోసం ఆమె ఈ వయసులో అబద్ధాలు చెప్తోంది. అల్లుడు ఎందుకు రావడం లేదో ఆమె నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం కూడా నాకు బరువుగానే ఉంది.

నీ ఉద్యోగం పోవాలని నాకు లేదు. అది వచ్చిన రోజు గల్లీ అంతా చక్కెర పంచింది నేనే. ఏం చెయ్యాలో నీకు నేను చెప్పను. కానీ ఓపిక పట్టు అని మాత్రం ఇంకోసారి రాయకు.

అనురాధ


జగిత్యాల,
ఆగస్టు 3.

వదినా,

చెప్పేశాను.

నీ ఉత్తరం వచ్చిన రాత్రి సరే, తర్వాత రెండు రోజులు కూడా నాతో నేనే వాదించుకున్నాను. మూడో రోజు సార్ దగ్గరికి పోయి "నేను సిరిసిల్ల పోతున్న సార్, సెంటర్‌ల అందరికి చెప్తా" అన్నాను. ఆయన చాలాసేపు బల్ల మీద ఉన్న ఒక పాడైన డిస్‌ప్లే బోర్డును అటూ ఇటూ తిప్పాడు. "నీ ఇష్టం" అని లేచి బయటికి పోయాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నాకు ఇంకా తెలియదు.

కార్డు పెట్టినప్పుడల్లా దాని నంబరు వేరే ఫైల్లో పడుతుంది. అది నా అదృష్టం. లెక్క మాత్రం పేరు మీద తీసేది. ఇప్పుడు నంబర్ల మీద మళ్లీ తీసి, ఆ కాగితం పట్టుకుని పోయాను. మేడం మిషన్లన్నీ ఆపించింది. బట్ట కత్తిరించే పొడుగు బల్ల మీద సుద్దముక్కతో ఇరవై నాలుగు గదులు గీశాను. నీ పేరు ముక్కలు ముక్కలుగా నింపి చూపించాను. చివరికి "అనురాధ రోజూ అచ్చింది. తప్పు నేను రాసిన దాంట్ల ఉన్నది" అన్నాను. గుండీలు కుట్టే శంకరవ్వ లేచి, "పట్టకపోతె పట్టుతలేదని చెప్పాలె గని, సగం కోసి ఊకుంటదా గా పెట్టె?" అంది. అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. తిట్లు కూడా పడ్డాయి. నీ పక్క సీటు ఆమె కళ్లు తుడుచుకుంది. మేడం నీ సీటు నీకే ఉందని అందరి ముందు చెప్పింది.

ఇంకో సంగతి. మొదటి ఉత్తరంలో నేనిది రాయలేదు. ఆ సాయంత్రం నీకంటే ముందు అన్న నాకు ఫోన్ చేశాడు. "నిజమేనా నీలా?" అని అడిగాడు. "పెట్టె అబద్ధం చెప్పదన్నా" అన్నాను. ఆయన నీ ముందు చేతులు కడగకుండా నిలబడింది నా మాట విన్న తర్వాత. నువ్వు ఆయన మీద పెట్టుకున్న కోపంలో నా వాటా కూడా ఉంది, అది నువ్వు తెలుసుకోవాలి.

అన్నకు మొత్తం చెప్పాను. మొదటి బస్సుకే కోరుట్ల వస్తానంటున్నాడు. కొత్త కాగితం అడిగి తీసుకున్నాడు. నీ పేరు పూర్తిగా పడింది వదినా. కొండగట్టు రోజు తప్ప అన్నీ నిండాయి.

నీల


కోరుట్ల,
ఆగస్టు 9.

నీలా,

మీ అన్న వచ్చాడు. వచ్చి, నీళ్లు కూడా తాగకముందే జేబులోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు. "పెట్టెదే తప్పట. నువ్వు రోజు పోయినవట. నడువు, ఇంటికి పోదాం" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది పాపం. నేను ఎగిరి బస్సెక్కుతానని అనుకున్నాడు.

నేను ఒకటే అడిగాను. "నీల గా తప్పు దొరకవట్టకపోతె?" అన్నాను. ఆయన అర్థం కానట్టు చూశాడు. "దొరికింది గద" అన్నాడు. "దొరకకపోతె నేను ఎసొంటిదాన్ని?" అన్నాను. అమ్మ చేతిలో బీడీ ఆకు అట్లాగే ఆగిపోయింది. ఆయన కాగితం వైపు చూశాడు, తర్వాత చెప్పుల వైపు చూశాడు. చాయ్ పెట్టి ఇచ్చాను, తాగాడు, ఒక్కడే వెళ్లాడు. వెళ్లేటప్పుడు కాగితం మరిచిపోయాడు. అది ఇక్కడే ఉంది.

నాకు ఆయన మీద ప్రేమ లేక కాదు. ఆయన పోయాక ఏడ్చాను, అదీ రాస్తున్నాను. కానీ కాగితం లేదన్నప్పుడు నన్ను అనుమానించాడు, కాగితం ఉందన్నప్పుడు తీసుకుపోవడానికి వచ్చాడు. రెండుసార్లూ కాగితాన్నే చూశాడు. రేపు ఇంకో పెట్టె వస్తుంది, అది ఇంకోటి చెప్తుంది. అప్పుడు మళ్లీ ఎటు పోయినవ్ అంటాడా? ఆ మనిషితో ఒక ఇంట్లో నేను ఎట్లా ఉండాలి?

ఫోన్ సంగతి రాయడం మంచిదైంది. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఆ పెట్టె మీద ఉన్న నమ్మకం చూసి ఒక్క క్షణం ఒళ్లు మండింది. కానీ నువ్వు అంతమంది ముందు నిలబడ్డావు. నీ మీద కోపం చాలావరకు పోయింది. మిగిలింది కూడా పోతుంది, తొందర పెట్టకు.

ఇంతకీ అనసూయ ఏమంది? నా రోజులన్నీ ఆమెకు పడ్డాయంటే, ఆమె రాని రోజులు కూడా వచ్చినట్టు పడి ఉంటాయి కదా. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు.

అనురాధ


జగిత్యాల,
ఆగస్టు 16.

వదినా,

రాయలేదు, నిజమే. రాయడానికి ఇష్టం లేకపోయింది.

కొత్త కాగితంలో అనసూయకు చాలా ఖాళీలు వచ్చాయి. మార్చిలో, ఏప్రిల్‌లో వారాలకు వారాలు రాలేదు. ఆమెకు ఇచ్చిన సీటు మేడం వెనక్కి తీసుకుంది. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడకుండా సంచి సర్దుకుని పోయింది. మనవాళ్లు ఊరుకుంటారా? "అనురాధ హాజరు తిని ఎర్కలేనట్టు ఊకున్నది" అని గల్లీ అంతా అంటున్నారు. మేడం పేర్లు చదివిన రోజే ఆమెకు తెలుసు కదా వదినా, రాని రోజులు కూడా పడ్డాయని. ఒక్కసారి చెప్పి ఉంటే నువ్వు కోరుట్ల పోయేదానివే కాదు.

అసలు సంగతి అది కాదు. రమేశన్న ఆమెను అడుగుతున్నాడట. పొద్దున ఇంట్లోంచి సెంటర్‌కని బయలుదేరేది, సాయంత్రం వచ్చేది. మరి ఆ రోజులు ఎటు పోయినవ్ అని. ఆమె చెప్పడం లేదట. ఇంట్లో పొయ్యి కూడా వెలిగించడం లేదని అన్న చెప్పాడు.

నేను ఆ లెక్కను నాలుగు రకాలుగా సరిచూశాను. మళ్లీ నాదే తప్పయితే బాగుండునని చూశాను. తప్పు లేదు. ఆ రోజుల్లో ఆమె కార్డు పెట్టలేదు. ఈసారి పెట్టె నిజమే చెప్తోంది వదినా, దానికి నేనేం చెయ్యగలను?

సార్ నన్ను తీసెయ్యలేదు. ఒక సెంటర్ పెట్టె వాపసు పంపింది. మిగతా వాళ్లు బాగుచేసి ఇమ్మన్నారు. నీ సీటు సోమవారం దాకే ఆపుతానని మేడం కబురు చేసింది. అన్న ఏమీ అడగడం లేదు, కానీ రోజూ బస్సుల టైం కనుక్కుంటున్నాడు. నీ ఇష్టం.

నీల


సిరిసిల్ల,
ఆగస్టు 22.

నీలా,

నీ ఉత్తరం అందిన రోజే బయలుదేరాను. అమ్మ "మొగడు తోలుకపోకుంట ఒక్కదానివే పోతవా, నలుగురు ఏమంటరు?" అంది. "అనేది ఏమన్న మిగిలిందా అమ్మా?" అంటే నవ్వి, బస్టాండ్ దాకా సంచి మోసుకొచ్చింది. రుద్రంగి మీదుగా వచ్చే బస్సు దొరికింది. దారి పొడుగునా అనసూయే గుర్తొచ్చింది. ఆమె మీద కోపం లేదని కాదు, బోలెడంత ఉంది. నేను సెంటర్‌లో అంతమంది ముందు నిలబడ్డప్పుడు నోరు మూసుకుని కూర్చుంది. కానీ ఎటు పోయినవ్ అని ఇప్పుడు ఆమెను అడుగుతున్నారంటే కోరుట్లలో కూర్చోలేకపోయాను.

మీ అన్న తలుపు తీసి, నన్ను చూసి, సంచి అందుకున్నాడు. ఏదో అనబోయాడు. "ఇప్పుడు కాదు, నేను రమేశ్ వాళ్లింటికి పోవాలె" అన్నాను. సంచి గడప లోపల పెట్టి నా వెనకే వచ్చాడు.

అనసూయ ఒక మూల నూలు కండెలు చుడుతూ కూర్చుని ఉంది, తల ఎత్తలేదు. రమేశ్ నన్ను చూడగానే "అచ్చినవా వదినె! నువ్వన్న అడుగు. ఎటు పోయినవే అంటె నోరు తెరుస్తలేదు" అన్నాడు. "గా మాట ఇంకొక్కసారి అడుగకు రమేశ్. అది ఎట్లుంటదో నాకెర్క" అన్నాను. అతను గొంతు పెంచాడు. "కాగితం తప్పా మరి? నీల గూడ కరెక్టే అన్నది" అన్నాడు. నేను ఏదో అనేలోపే వెనక నుంచి మీ అన్న మాట్లాడాడు. "తమ్మీ, నేను గూడ కాగితం జూసే అడిగిన. నాలుగేండ్ల సంది కండ్ల ముందు తిరిగే మనిషిని ఇడిసిపెట్టి కాగితాన్ని నమ్మిన. నాకు బుద్ధి లేకుండె. నడువు, బయటికి పోదాం" అన్నాడు. రమేశ్ భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయాడు.

ఆ మాట ఆయన నాతో అనలేదు నీలా, రమేశ్‌తో అన్నాడు. అయినా నేను విన్నాను. కోరుట్లలో ఆ రోజు రాని జవాబు అదే. ఇంటికి వచ్చాక మేము దాని గురించి మాట్లాడుకోలేదు. ఉప్మా ఎట్లా మాడకుండా చెయ్యాలో చెప్పాను.

సీటు నాదే. దాన్ని ఎవరికీ వదులుకోను, ఆరు నెలలు కుట్టాను. సోమవారం పోయి కూర్చున్నాను. అనసూయను మళ్లీ మొదటి నుంచి చేర్చుకోమని మేడంను అడిగాను. చూద్దామంది. అడగడం నేను మానను.

ఈసారి పెట్టె నిజమే చెప్పిందని రాశావు. ఔను, ఆ రోజుల్లో ఆమె సెంటర్‌కు రాలేదు. మగవాళ్లిద్దరూ బయటికి పోయాక నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఎటు పోయినవ్ అని అడగలేదు. "ఎట్లున్నవే?" అన్నాను. ఆమె చేతిలో కండె ఆపి నా వైపు చూసింది, తర్వాత నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. దీపాలు పెట్టే వేళ దాకా చెప్పింది. ఏం చెప్పిందో నీకు రాయను. మీ అన్నకూ చెప్పలేదు. ఆమె చెప్పింది, నేను నమ్మాను.

నీ వదిన,
అనురాధ